కుళ్ళిన టమోటాలు ఏరిన చెయ్యి

విదేశాల్లో కూడా చదివే ఒక శాస్త్ర పత్రికలో నా వాక్యం ఒకటి అచ్చయింది. ఇంగ్లీషులో. పట్టుగూళ్ళ జిగురు తీసి టమోటాలకు పూసి, అవి తొందరగా కుళ్ళకుండా నిలబెట్టిన పరిశోధన అది. చింతామణి బస్టాండు నుంచి బాగేపల్లి బస్టాండు దాకా వెతకండి, ఇంత మాట చెప్పుకోగల మనిషి ఇంకొకడు దొరికితే నా మీసం తీయించుకుంటాను. ఆ పరిశోధనలో నాది చాలా కీలకమైన పాత్ర. నేను లేకుంటే ఆ వాక్యం పుట్టేదే కాదు.

ఇంతవరకు చదివి నన్ను శాస్త్రవేత్త అనుకున్నారా? తప్పు మీది కాదు. అనుకోవాలనే అట్లా రాశాను. నేను అటెండర్ని. చింతామణి పక్కన ఒక చిన్న పరిశోధన కేంద్రంలో ముప్పై ఏళ్ళకు పైగా గదులు తెరిచాను, గాజుసీసాలు కడిగాను, టీ మోశాను. ఆ వాక్యం నేను రాసింది కాదు. నా వల్ల రాయాల్సి వచ్చింది. మీసం కూడా లేదు లెండి, ఎప్పుడో తీసేశాను.

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఈ కథ వినాలి. మీ కంటే ముఖ్యంగా మీ అటెండర్లు వినాలి. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పరు కాబట్టి.

నేను ఉద్యోగం నుంచి నివృత్తి కావడానికి అర్ధ సంవత్సరం ఉందనగా మా కేంద్రానికి ఒక అమ్మాయి వచ్చింది. గూళూరు వైపు రైతు బిడ్డ. పెద్ద చదువు చదివింది, కానీ ఉద్యోగం మాత్రం ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే. వచ్చిన వారానికే డ్రైవర్‌నీ నన్నూ జీపెక్కించి, పట్టు దారం తీసే షెడ్లకు తీసుకుపోయింది. మేము పట్టు చూడబోతున్నామనుకున్నాం. ఆమె మురికికాలువ దగ్గర నిలబడి, గూళ్ళు ఉడికించి పారబోసే నీళ్ళను క్యాన్లకు పట్టమంది.

ఆ నీళ్ళ వాసన తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కరలేదు. తెలియనివాళ్ళు అదృష్టవంతులు.

"ఏమ్మా, ఈ కంపు జీపులో వేసుకొని పోతే సాయంత్రం మా ఇంట్లో నన్ను గడప తొక్కనిస్తారా?" అన్నాడు డ్రైవర్ ముక్కుకు తువ్వాలు కట్టుకుంటూ.

"ఈ కంపులోనే సొత్తు ఉండాదన్నా," అంది ఆమె. "పట్టు పోగుకు పైన జిగురుంటుంది. సెరిసిన్ అంటారు. ఉడికిస్తే అది నీళ్ళలోకి దిగిపోతుంది. మనవాళ్ళు సుమ్నే ఊరికే కాలువకు వదిలేస్తాండారు, కాలువ చెడిపోతాండాది. దాన్నే శుద్ధి చేసి కాయకు పల్చగా పూస్తే, కాయకు ఇంకో తోలు కప్పినట్ల."

"తినొచ్చా దాన్ని?"

"తినేదానికే కదన్నా చేస్తాండేది. ఇదే జిగురుతో గాయాలకు పట్టీలు చేసేదానికి డాక్టర్లు కూడా చూస్తాండారు."

ఆ రోజు సాయంత్రమే నేను మా వీధి టీకొట్లో, మా ల్యాబులో గాయాలు రాత్రికి రాత్రి మానిపోయే మందు కనిపెట్టామని చెప్పాను. 'మేము' అనే చెప్పాను. రెండో రోజు కాలికి పుండు పడిన ముసలాయన ఒకడు మా గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆయన్ను ఆసుపత్రికి పంపడానికి నాకు రెండు టీలు ఖర్చయ్యాయి.

ఆ అమ్మాయికి ఈ పని ఎందుకింత పట్టుదలో ఒకసారి సీసాలు కడుగుతుంటే చెప్పింది. "పోయిన పంటకు ధర పడిపోయింటే మా నాయిన రెండు ట్రాక్టర్ల టమోటాలు రోడ్డు పక్కన పోసేసినాడప్పా. ఒక వారం ఆగగలిగింటే ధర లేసిండేది. కాయ కూడా ఆగల్ల కదా. మా నాయిన ఆగతాడు, కాయ ఆగదు."

మాదీ టమోటాల ఇల్లే. మా అమ్మ మండీలో బాక్సుల ముందు కూర్చొని జీవితమంతా కాయలు ఏరింది. పచ్చివి ఒక పక్క, దోరవి ఒక పక్క, పగిలినవి ఒక పక్క. మెత్తబడినది తగిలితే చూడకుండానే వెనక్కి విసిరేది. నాకు నడక వచ్చిన నాటి నుంచి ఆమె నేర్పిన మంత్రం ఒకటే: "కుళ్ళింది కండ్లబడినాక చెయ్యి ఊరక ఉండకూడదు. ఒకటి ఉంటే పొద్దున్నకి పది అవుతాయి."

ఇక ప్రయోగం. వెనక గదిలో బల్లల మీద ట్రేలు పెట్టారు. ఒక వరుస ట్రేలలో జిగురు పూసిన కాయలు, ఇంకో వరుసలో ఏమీ పూయని కాయలు. ట్రేకు ఇరవై. మిగిలిన కాయలు చల్లగదిలో పెట్టారు. రోజూ పది గంటలకు ఆమె వచ్చి ఏ ట్రేలో ఎన్ని చెడ్డాయో చూసి పుస్తకంలో రాసుకుంటుంది. ఏడు గంటలకు గది తెరిచి ఊడ్చేది నేను.

ఏడుకు, పదికి మధ్య మూడు గంటలు. మా కేంద్రం చరిత్రలో అంత ప్రమాదకరమైన మూడు గంటలు ఇంకెప్పుడూ లేవు.

మొదటి విడతలో కొన్ని రోజులకే, పూయని ట్రేలో ఒక కాయ తొడిమ దగ్గర తెల్లగా బూజు పట్టి, రసం కారి, పక్క కాయను తాకుతోంది. నేను ఆలోచించానా అంటే, లేదు. ఊడుస్తున్న చీపురు ఎడమచేతిలో ఉండగానే కుడిచెయ్యి పోయి ఆ కాయను తీసేసింది. తీశాక చూస్తే ట్రేలో పందొమ్మిదే. పంటి వరుసలో సందు పడినట్టు అసహ్యంగా ఉంది. చల్లగదికి పోయి ఒక మంచి కాయ తెచ్చి ఆ సందు పూడ్చాను. కుళ్ళినదాన్ని జనరేటర్ షెడ్డు వెనక, నీళ్ళు పారే గట్టు మీద పారేశాను. తర్వాత చేతులు కడుక్కుని ఒక మంచి పని చేసిన తృప్తితో టీ పెట్టాను.

మర్నాడు రెండు. ఆ మర్నాడు నాలుగు. రోజూ ఏరాను, రోజూ పూడ్చాను. నేను ఆ గదిని మా అమ్మ బాక్సు కంటే శుభ్రంగా ఉంచాను. నాకు తెలిసినంతలో ప్రయోగం ఉద్దేశం టమోటాలు కుళ్ళకుండా ఉండటం. నా గదిలో ఒక్కటీ కుళ్ళినది లేదు. ఇంతకంటే గొప్ప ఫలితం ఇంకేం కావాలి?

పది గంటలకు ఆ అమ్మాయి వచ్చేది. పూసిన ట్రేలు చూసి సున్నా రాసుకునేది, ముఖం వెలిగేది. పూయని ట్రేలు చూసేది. సున్నా. ముఖం ఆరిపోయేది. కాయలను ఎత్తి చూసేది, వాసన చూసేది, కిటికీ చూసేది, నన్ను చూసేది.

"ఏమప్పా ఇది, ఒక్కటీ చెడలేదే?"

"కాయ మంచిదమ్మా," అనేవాణ్ణి ఛాతీ విరుచుకొని. "మన చింతామణి కాయ."

రెండో విడత, కొత్త కాయలు. అదే సున్నా. మూడో విడతకు ఆమె వేరే తోట కాయలు తెప్పించింది, గది కాస్త వెచ్చగా ఉండేలా కిటికీలు మూయించింది. కాయలు వేగంగా కుళ్ళసాగాయి. నేనూ వేగంగా ఏరసాగాను. ఒక ఉదయం ఏరడం అయ్యేసరికి చెమటలు పట్టాయి. ఈ వయసులో కూడా ఇంత చురుకా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆమె మాత్రం చిక్కిపోయింది. డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేసేది. పాపం, పని ఎక్కువైందనుకుని నేను టీలో అల్లం ఎక్కువ వేసేవాణ్ణి.

నా బుర్రకు వెలుగు వచ్చింది జీపులో. బెంగళూరు నుంచి కమిటీ రావడానికి మూడు రోజులు ఉంది. ప్రాజెక్టు నడపాలా, మూసేయాలా అని తేల్చేది ఆ కమిటీయే. ఆ రోజు ముందు సీట్లో ఆమె, పక్కన డ్రైవర్, వెనక కంపు నీళ్ళ క్యాన్ల మధ్య నేను.

"ఇంక ఈ నీళ్ళు తెచ్చే పని ఉండదన్నా," అందామె. "మూసేస్తారు. నేను ఊరికి పోతా."

"యాల? కాయలు ఒక్కటీ కుళ్ళలేదంట కదా? మా అప్ప ఊరంతా చెప్తాండాడు," అన్నాడు డ్రైవర్, అద్దంలోంచి నన్ను చూస్తూ.

"అదే కదన్నా సమస్య. పూసినవి కుళ్ళకూడదు, సరే. పూయనివి కుళ్ళి తీరల్ల. రెండూ పక్కపక్కన చూస్తేనే పూత పని చేసిందో లేదో తెలిసేది. పూయనివి కూడా అట్లే నవనవలాడతా ఉంటే, పూతతో ఏం పని? మూడు విడతలూ అంతే. నా పూతలో బలం లేదని నేనే చెప్పల్ల ఇప్పుడు."

జీపు గుంటలో పడలేదు. అయినా నేను పక్కనున్న క్యాన్‌ను రెండు చేతులా పట్టుకున్నాను.

ఆమె పూతలో బలం ఉందో లేదో ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఒకే ఒక్కడు. మూడు విడతల్లో పూయని ట్రేల నుంచి గంపలకొద్దీ ఏరాను. పూసిన ట్రేల మీద నా చెయ్యి పడిన రోజు ఒక్కటీ లేదు. ఏరడానికి ఏమీ లేదు కాబట్టి. ఆమె వెతుకుతున్న ఫలితం మొత్తం నేను జనరేటర్ షెడ్డు వెనక పారేశాను.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి కదా. కమిటీ కూర్చున్న రోజు, ఆ అమ్మాయి బోర్డు ముందు నిలబడి "తేడా ఏమీ కనబడలేదు" అని చెబుతుండగా, నేను సభ మధ్యలోకి నడిచి, గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యా, తప్పు ఆ బిడ్డది కాదు, నాది" అని గొంతెత్తి చెప్పాను. సభంతా నిశ్శబ్దమైపోయింది. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అబద్ధం. ఈ కథ మా మనవరాలికి ఇట్లాగే చెప్పాను, మీకు కూడా చెబుదామని చూశాను, కలం ఒప్పుకోలేదు.

జరిగింది ఇది. జీపు దిగినాక మూడు రోజులు నేను నోరు మెదపలేదు. నివృత్తికి ఆరు వారాలుంది. మా దగ్గర వీడ్కోలు సభలో కేంద్రాన్ని నడిపే పెద్ద సారు ఒక మాట అంటారు, "మచ్చలేని సేవ" అని. అందరికీ అనరు. ఆ మాట కోసం నేను ముప్పై ఏళ్ళు కాచుకొని ఉన్నాను. చెబితే ఆ మాట పోతుంది, చెప్పకుంటే ఆ అమ్మాయి ఇన్ని నెలల కష్టం పోతుంది. నేను ఏ దిక్కూ తేల్చుకోలేక టీలో అల్లం ఇంకా పెంచాను. డ్రైవర్ తాగలేక పారబోశాడు.

కమిటీలో ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన తెల్లజుట్టు ప్రొఫెసర్, విదురాశ్వత్థం వైపు మనిషి, తెలుగు మన మాదిరే మాట్లాడతాడు. ఆమె చెప్పాల్సింది నిజాయితీగా చెప్పేసింది. మిగతా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పెన్నుల మూతలు పెట్టేశారు. మా పెద్ద సారు టీ తెమ్మని నాకు సైగ చేశారు. ఆ సందులో ప్రొఫెసర్ బీడీ కాల్చుకోవడానికి వెనక్కి పోయారు. ఎవరూ చూడకుండా బీడీ కాల్చుకోవాలంటే మా కేంద్రంలో ఒకటే చోటు. జనరేటర్ షెడ్డు వెనక.

నేను టీ గ్లాసులు పట్టుకొని గదిలోకి వచ్చేసరికి ఆయన తిరిగి వచ్చారు. చేతిలో బీడీ లేదు. వేళ్ళతో సహా పీకిన ఒక మొక్క ఉంది. నూగు ఆకులు, ఆ వాసన. టమోటా నారు.

"వెనకాల అడివి మాదిరి లేసిండాదే నారు," అన్నారు మా పెద్ద సారుతో. "ఏం ప్రయోగమప్పా అది? మాకు చెప్పనేలేదే?"

మా సారుకు కోపం వస్తే కన్నడం, ఇంకా కోపం వస్తే ఇంగ్లీషు. అప్పుడు ఏ భాషా రాలేదు. వాకిలి దగ్గర నిలబడిన డ్రైవర్ మాత్రం సాయం చేయబోయాడు.

"అది మా అప్ప కాయగూరల తోట సార్. దొంగగా పెంచతాండాడు."

అందరూ నన్ను చూశారు. నా చేతిలో ఏడు గ్లాసులు.

"తోట కాదు సార్," అన్నాను. "నేను వేయలే. పారేస్తే లేసినాయి."

"ఏం పారేస్తివి?"

"కుళ్ళినవి."

ఆ అమ్మాయి కుర్చీలోంచి మెల్లగా లేచింది. "యాడివప్పా ఆ కుళ్ళినవి?"

"మన గదిలోవే అమ్మా. మీరు వచ్చేలోపల పొద్దున్నే ఏరేస్తా ఉంటి. తీసినచోట మంచివి పెడతా ఉంటి."

"ఏ ట్రేలలో?"

"పూయని వాటిల్లో."

"పూసిన వాటిల్లో?"

"వాటిల్లో ఏరే పనే పడలేదమ్మా."

ఆ తర్వాత నిశ్శబ్దం నిజంగానే వచ్చింది. నేను మా మనవరాలికి చెప్పిన కథలో ఆ ఒక్క ముక్క నిజం. కానీ కళ్ళు తుడుచుకున్నది ఆ అమ్మాయే, అదీ నవ్వుతూ. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆపుకోలేక బయటికి పరుగెత్తింది. అందరం వెనకాలే పోయాం. గట్టు మీద ఒత్తుగా, పచ్చగా, జాన ఎత్తున నా తప్పంతా మొలకెత్తి గాలికి ఊగుతోంది. మొదటి విడత తప్పు పెద్దదై ఉంది, రెండో విడతది పొట్టిగా ఉంది, మూడోది ఇప్పుడే రెండాకులు వేసింది. ఆమె ఆ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చొని నారును రెండు చేతులతో నిమురుతూ, "కుళ్ళినాయి సార్! చూడండి, ఎన్ని కుళ్ళినాయో చూడండి!" అంటూ ఉంది. కుళ్ళినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ప్రొఫెసర్ గట్టు మీద కూర్చుండిపోయారు నవ్వలేక. దగ్గు వచ్చింది. నేను టీ ఇచ్చాను. ఒక గుక్క తాగి, "ఇంత అల్లం ఏందయ్యా?" అన్నారు. తర్వాత ముఖం సరిచేసుకుని ఆమెతో చెప్పారు: "నవ్వేది అయింది కదమ్మా. ఇంక విను. నారు సాక్ష్యమే గానీ లెక్క కాదు. ఏది ఎప్పుడు కుళ్ళిందో యాడా రాసి లేదు. మూడు విడతలూ కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి చెయ్. టైమిస్తాం." నా వైపు తిరిగారు. "ఆ గది బీగం చెవి ఈయన దగ్గర ఉండకూడదు."

పెద్ద సారు మర్నాడు కన్నడంలో నోటీసు ఇచ్చారు. ఎందుకు చేశావో రాసివ్వమన్నారు. నేను నాలుగు పేజీలు రాశాను, మా అమ్మ గురించి, మండీ గురించి, కుళ్ళు ఎట్లా పాకుతుందో. ఆయన చదివి, ఆఖరి పేజీ అయ్యాక, "మా ఇంట్లో మామిడిపండ్లు మా అమ్మ కూడా ఇట్లే ఏరేది," అని ఫైలు మూసేశారు. దాని మీద ఇంకే విచారణా జరగలేదు.

కొత్త విడత మొదలైంది. బీగం చెవి ఆమె మెడలో. నేను బయట స్టూలు మీద, ఆపరేషన్ గది ముందు కూర్చున్న బంధువు మాదిరి. తలుపు సందులోంచి వాసన వస్తుంది. లోపల ఏ కాయ ఏ స్థితిలో ఉందో నా ముక్కుకు తెలుస్తోంది, చేతులు దురదపెడుతున్నాయి. డ్రైవర్ వచ్చి "నీ చేతులు కట్టేసేదా అప్పా, తాడు తెచ్చినా" అనేవాడు. పది గంటలకు ఆమె బయటికి వచ్చి వేళ్ళు చూపించేది. మూడు. ఇంకో రోజు ఏడు. ఆమె గంతులేసేది, నాకు కడుపు తరుక్కుపోయేది. పూయని ట్రేలలో దాదాపు అన్నీ కుళ్ళిన రోజు డ్రైవర్ మైసూరుపాకు తెచ్చాడు. కుళ్ళినదానికి మిఠాయి పంచడం మా వంశంలో ఎవరూ చూసి ఉండరు.

నా వీడ్కోలు సభలో పెద్ద సారు శాలువా కప్పి "మచ్చ..." అని మొదలుపెట్టి, ఒక్క క్షణం ఆగి, "మరచిపోలేని సేవ" అన్నారు. డ్రైవర్ ఈల వేశాడు.

తర్వాత చాలా కాలానికి ఆ అమ్మాయి వ్యాసం అచ్చయింది. ఇంటికి తెచ్చి, మా ఆవిడ ముందే, ఒక వాక్యం కింద గీత గీసి తెలుగులో చదివి వినిపించింది: "చెడిన కాయలను ప్రయోగం ముగిసేవరకు ట్రేలలోంచి తీయలేదు; వాటి బదులు వేరే కాయలు పెట్టలేదు."

"నా పేరు యాడ ఉండాదమ్మా?" అన్నాను.

"పేరు లేదప్పా. కానీ వేరేవాళ్ళెవరూ ఈ మాట రాయరు. రాయల్ల అని కూడా వాళ్ళకు తోచదు. మన వ్యాసంలో మాత్రమే ఉండాది."

మా ఆవిడ లోపలి నుంచి, "ఓ సైంటిస్టాయనా, రసానికి టమోటాలు ఏరిచ్చి మాట్లాడు," అంది.

పిల్లలూ, కథ ఇక్కడితో ఆపితే నాకు మర్యాద. కానీ ఇంకొకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆఖరి విడతలో ఒక ఉదయం ఆమె గది తుడిచిన నీళ్ళ బకెట్టు బయట పెట్టమని నన్ను లోపలికి పిలిచి, ఫోను వస్తే వరండాలోకి పోయింది. గదిలో నేను ఒక్కడినే. పూయని ట్రేల వైపు చూడలేదు, చూస్తే ఏడుపొస్తుంది. పూసిన ట్రేలు చూశాను. అన్నీ మెరుస్తున్నాయి. ఒక్క కాయ తప్ప. తొడిమ దగ్గర తెల్లగా, ఆవగింజంత.

చెయ్యి పోయింది. నేను ఆపేలోపలే పోయి ఆ కాయను పట్టుకుంది. ఈసారి చెడ్డ బుద్ధి కూడా తోడైంది: ఇది తీసేస్తే ఆ వరుస మొత్తం సున్నా. బిడ్డకు ఎంత గొప్ప ఫలితం! చల్లగది పక్కనే. మూడు అడుగులు.

నేను ఆ కాయను ఎక్కడి నుంచి ఎత్తానో అక్కడే, బూజు పైకి ఉండేలా, అందరికీ కనబడేలా పెట్టేశాను. పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆమె వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాను. ముప్పై ఏళ్ళలో నేను చేసిన శాస్త్రం అదొక్కటే.

ఆమె వచ్చింది, వంగి చూసింది, పూసిన కాయల పేజీలో అంతవరకు ఉన్న సున్నాల కింద 'ఒకటి' అని రాసుకుంది. నేను బకెట్టు ఎత్తుకుని బయటికి నడిచాను.